నిరూపణను కింది నుంచి కట్టడం: సహజ నిగమనంలో చేయాల్సినవి, చేయకూడనివి

తర్క నిరూపణ చేయమంటే చాలామంది ముందుగా ఆధార వాక్యాల మీద పడతారు. ఏ నియమం వర్తిస్తే ఆ నియమం వాడుతూ కొత్త వరుసలు పుట్టిస్తారు. పదిహేను వరుసలు నిండినా ముగింపు దరిదాపుల్లోకి రాదు. నిరూపణను చదివేది పై నుంచి కిందికే, కానీ దాన్ని వెతికి పట్టుకోవాల్సింది చాలావరకు కింది నుంచి పైకి. ముగింపు వాక్యంలో ప్రధాన సంయోజకం (‘మరియు’, ‘లేదా’, ‘అయితే’ లాంటి మాట) ఏదో చూస్తే చివరి వరుసలో ఏ నియమం వాడాలో చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. దీనికి తోడు మరొక్క జాగ్రత్త కావాలి: తాత్కాలికంగా ఊహించుకున్న వాక్యం ఎంతవరకు చెల్లుతుందో లెక్క తప్పకూడదు. నిరూపణల్లో కనిపించే తప్పుల్లో అత్యధికం ఈ లెక్క తప్పినవే.

ఇక్కడ వాడే పద్ధతి పేరు సహజ నిగమనం. గెర్హార్డ్ గెంట్సెన్ 1934–35లో, స్టానిస్వాఫ్ యాష్కోవ్‌స్కి 1934లో ఎవరికి వారుగా దీన్ని ప్రకటించారు. ఊహలను నిలువు గీతల లోపల రాసే తీరు తర్వాత ఫ్రెడరిక్ ఫిచ్ పేరుతో స్థిరపడింది. ఈ వ్యాసంలో అదే తీరు.

గుర్తులు, అనువాదం

వాక్యాలకు క, గ, చ, ట అనే అక్షరాలు వాడదాం. ∧ అంటే సంయోగం, ‘మరియు’. ∨ అంటే వియోగం, ‘లేదా’. రెండూ నిజమైనా ఇది నిజమే. → అంటే అనుషంగికం, ‘అయితే’. ¬ అంటే వ్యతిరేకం, ‘కాదు’. ⊥ అంటే వైరుధ్యం. ఎడమవైపు ఆధారాల నుంచి కుడివైపు ముగింపును నిరూపించవచ్చు అని చెప్పడానికి ⊢ రాస్తాం.

మామూలు తెలుగు వాక్యాన్ని గుర్తుల్లోకి మార్చేటప్పుడు ఒక్క ‘నే’ బాణాన్ని తిప్పేస్తుంది. ‘సంఖ్య 4తో భాగించబడితే అది సరిసంఖ్య’ అన్నప్పుడు బాణం ‘4తో భాగించబడుతుంది’ నుంచి ‘సరిసంఖ్య’ వైపు వెళ్తుంది. ‘సరిసంఖ్య అయితేనే 4తో భాగించబడుతుంది’ అన్నా బాణం దిశ అదే, మాటల వరుస మాత్రం తిరగబడింది. అంటే ‘క అయితే గ’ క → గ. ‘క అయితేనే గ’ గ → క. ‘క అయితే తప్ప గ కాదు’ అన్నదీ గ → క. ‘కానీ’, ‘అయినా’ లాంటివి తర్కానికి ∧ మాత్రమే. వాటిలోని విరోధ ధ్వని నిరూపణలో లెక్కకు రాదు.

ప్రధాన సంయోజకాన్ని గుర్తించడం యాంత్రికంగా వచ్చేయాలి. వాక్యాన్ని కట్టేటప్పుడు అన్నిటికంటే చివర చేర్చిన సంయోజకమే అది. (క ∧ గ) → చ లో అది →. ¬(క ∨ గ) లో ¬. ¬క ∨ గ లో ∨. అనుమితి నియమాలన్నీ మొత్తం వరుసకు, దాని ప్రధాన సంయోజకానికి మాత్రమే వర్తిస్తాయి. లోపలి ముక్కలకు వర్తించవు. (క ∧ గ) → చ చూసి, ∧ విడదీశానని చెప్పి క → చ రాయడం తరచూ కనిపించే తప్పు. క నిజం, గ అబద్ధం, చ అబద్ధం అనుకుని చూడండి: మొదటి వాక్యం నిజమవుతుంది, రెండోది అబద్ధమవుతుంది.

ముందు తేల్చుకోవాల్సింది

అసలు చెల్లని వాదానికి నిరూపణ వెతుకుతూ గంటలు పోగొట్టుకోకండి. సత్య పట్టిక (అక్షరాల నిజం, అబద్ధం కలయికలన్నిటినీ వరుసలుగా రాసిన జాబితా) మొత్తం వేయనక్కర్లేదు. మూడు అక్షరాలకు 8 వరుసలే, 5 అక్షరాలకు 32, 10 అక్షరాలకు 1024. దగ్గరి దారి ఒకటుంది: ముగింపును అబద్ధంగా పెట్టండి, ఆధారాలన్నిటినీ నిజం చేయడానికి ప్రయత్నించండి. కుదిరితే మీ చేతిలో ప్రత్యుదాహరణ ఉన్నట్టే, వాదం చెల్లదు. ఎటు వెళ్లినా ఏదో ఒక అక్షరం నిజం, అబద్ధం రెండూ కావాల్సి వస్తే వాదం చెల్లుతుంది.

క → గ, చ → ట, గ ∨ ట నుంచి క ∨ చ వస్తుందా? ముగింపు అబద్ధం కావాలంటే క, చ రెండూ అబద్ధం. అప్పుడు మొదటి రెండు ఆధారాలూ వాటంతటవే నిజమవుతాయి. ఇక గ నిజం అనుకుంటే మూడోదీ నిజం. 16 వరుసల పట్టిక వేయకుండానే తేలిపోయింది: వాదం చెల్లదు.

ప్రవచన తర్కంలో, అంటే పైన చెప్పిన సంయోజకాలతోనే నడిచే తర్కంలో, చెల్లే ప్రతి వాదానికీ నిరూపణ ఉంటుందని ఎమిల్ పోస్ట్ 1921లో చూపించాడు. కాబట్టి పట్టిక ‘చెల్లుతుంది’ అంటే నిరూపణ తప్పకుండా ఉంది, వెతికితే దొరుకుతుంది.

కాగితం మీద

ప్రతి వరుసలో మూడు భాగాలుంటాయి: వరుస సంఖ్య, వాక్యం, కారణం. కారణంలో నియమం పేరుతో పాటు అది ఆధారపడిన వరుసల సంఖ్యలూ ఉండాలి. తాత్కాలిక ఊహ చేసినప్పుడు ఎడమవైపు నిలువు గీత మొదలవుతుంది. ఆ గీత ఉన్నంతమేరా ఒక పెట్టె. పెట్టె మూసేసిన తర్వాత లోపలి వరుసలు ఏవీ బయట చెల్లవు. పెట్టె లోపల నుంచి మాత్రం బయట పైన ఉన్న వరుసలను, ఇంకా మూయని పెట్టెల్లోని వరుసలను వాడుకోవచ్చు. చివరి వరుస పక్కన ఒక్క గీత కూడా ఉండకూడదు. ఉంటే మీరు నిరూపించింది ముగింపును కాదు, ‘ఆ ఊహ ఉంటే ముగింపు’ అన్నదాన్ని.

నియమాలు జంటలుగా ఉంటాయి. ప్రవేశ నియమం (ప్ర) ఒక సంయోజకాన్ని కడుతుంది, తొలగింపు నియమం (తొ) దాన్ని విప్పి వాడుకుంటుంది. ∧ విషయంలో పెద్దగా చెప్పేదేమీ లేదు: రెండు భాగాలూ ఉంటే కలిపి రాయండి, కలిసి ఉంటే ఏ భాగం కావాలంటే అది తీసుకోండి. →తొ అంటే క → గ, క రెండూ ఉన్నప్పుడు గ రాయడం; దీన్నే మోడస్ పోనెన్స్ అంటారు. →ప్ర కోసం క ను ఊహగా పెట్టి పెట్టె తెరవాలి, లోపల గ దాకా వచ్చి పెట్టె మూసి, బయట క → గ రాయాలి. ¬ప్ర కూడా అలాంటిదే: క ఊహతో తెరిచిన పెట్టెలో ⊥ వస్తే బయట ¬క. ¬తొ అంటే క, ¬క రెండూ కనబడితే ⊥ రాయడం. ⊥తొ అంటే ⊥ నుంచి ఏ వాక్యమైనా రాయవచ్చు. ∨ప్ర తేలిక, ∨తొ కాస్త పెద్దది. దాని దగ్గరికి వస్తాం.

→ప్ర లో ఊహను లోపల వాడి తీరాలన్న షరతు లేదు. క అనే ఆధారం నుంచి గ → క నిరూపించాలంటే గ ఊహతో పెట్టె తెరిచి, 1వ వరుసలోని క ను లోపల తిరిగి రాసి, మూసేయడమే. చాలామంది ఇక్కడ ‘గ తో పనేమీ లేదు కదా’ అని ఆగిపోతారు. ఆగనక్కర్లేదు.

ఒక నిరూపణ దగ్గరగా

క → (గ → చ) ⊢ (క ∧ గ) → చ తీసుకుందాం. కాగితం పైన ఆధారం రాయండి, అడుగున ముగింపు రాయండి, మధ్యలో ఖాళీ వదలండి. ముగింపు ప్రధాన సంయోజకం →. కాబట్టి చివరి నియమం →ప్ర. అంటే ముగింపుకు పైన ఒక పెట్టె ఉండాలి, దాని మొదటి వరుస క ∧ గ, చివరి వరుస చ. ఈ రెండూ రాసేయండి. ఇప్పుడు ఖాళీ తగ్గింది, లక్ష్యం కూడా మారింది: చ కావాలి.

చ ఒంటరి అక్షరం, దాన్ని కట్టే ప్రవేశ నియమం లేదు. అప్పుడు పైకి చూడాలి: చ ఎక్కడ ఉంది? 1వ వరుసలో బాణం కొసన ఉంది. అది బయటికి రావాలంటే ముందు క కావాలి, ఆ తర్వాత గ కావాలి. రెండూ ఊహలోనే ఉన్నాయి.

1. క → (గ → చ) — ఆధారం
2. │ క ∧ గ — ఊహ
3. │ క — ∧తొ 2
4. │ గ → చ — →తొ 1, 3
5. │ గ — ∧తొ 2
6. │ చ — →తొ 4, 5
7. (క ∧ గ) → చ — →ప్ర 2–6

చేసిన పనిని గమనించండి. లక్ష్యంలో సంయోజకం ఉన్నంతసేపూ లక్ష్యాన్ని విప్పాం. అది ఒంటరి అక్షరమయ్యాక ఆధారాలను విప్పాం. ∧, →, ¬ లు ప్రధానంగా ఉన్న లక్ష్యాలన్నిటికీ ఈ క్రమమే. లక్ష్యం క ∧ గ అయితే పని రెండుగా చీలుతుంది, ఒక్కోదాన్ని విడిగా సాధించండి. లక్ష్యం ¬క అయితే క ఊహించి ⊥ కోసం చూడండి. లక్ష్యం ద్వ్యనుషంగికమైతే (క → గ, గ → క రెండూ కలిసినది) రెండు దిశలకూ రెండు పెట్టెలు వేయండి. ఒకే పెట్టెలో రెండు దిశలూ చేయాలని చూస్తే ఊహలు కలిసిపోతాయి.

వియోగం ఎందుకు వేరు

లక్ష్యం క ∨ గ అయినప్పుడు పై క్రమం మోసం చేస్తుంది. ∨ప్ర వాడాలంటే రెండింట్లో ఏదో ఒకటి చేతిలో ఉండాలి. ఏది ఉందో చాలాసార్లు ముందుగా తెలియదు. క ∨ గ ⊢ గ ∨ క లాంటి చిన్న దానిలోనే ఇది బయటపడుతుంది: ఆధారం నుంచి క ఒక్కటే రాదు, గ ఒక్కటే రాదు. అందుకే నియమం ఇలా పెట్టుకోండి: పైన ∨ ఉన్న ఆధారం ఉంటే, లక్ష్యంలోని ∨ ను ముట్టుకోకముందే దాన్ని విడగొట్టండి. రెండు పెట్టెలు, ఒకదానిలో క ఊహ, రెండోదానిలో గ ఊహ. రెండు పెట్టెలూ అక్షరం తేడా లేకుండా ఒకే వాక్యంతో ముగియాలి. ఒకటి గ ∨ క తోనూ రెండోది క ∨ గ తోనూ ముగిస్తే ∨తొ చెల్లదు, అర్థం ఒకటే అయినా సరే.

క ∨ గ, ¬క ⊢ గ లో ⊥తొ ఎందుకు కావాలో తెలుస్తుంది:

1. క ∨ గ — ఆధారం
2. ¬క — ఆధారం
3. │ క — ఊహ
4. │ ⊥ — ¬తొ 3, 2
5. │ గ — ⊥తొ 4
6. │ గ — ఊహ
7. గ — ∨తొ 1, 3–5, 6–6

3–5 ఒక పెట్టె, 6 ఇంకో పెట్టె. కాగితం మీద గీతల మధ్య తెగ కనబడేలా ఖాళీ వదలండి, లేకపోతే రెండూ ఒకటే పెట్టెలా కనిపిస్తాయి. రెండో పెట్టెలో ఒకే వరుస ఉంది. ఊహే లక్ష్యం కాబట్టి అది సరిపోతుంది. మొదటి పెట్టెలో క జరగడం అసాధ్యమని తేలింది. అయినా నియమం అక్కడ కూడా గ అడుగుతుంది, ఆ గ ను ⊥తొ ఇస్తుంది. ‘మొదటిది కుదరదు కాబట్టి రెండోది’ అని మామూలుగా అనుకునే మాట ఈ ఏడు వరుసల్లో ఉంది.

∨తొ లో ఇంకో తప్పు: క ∨ గ ఉంటే క ను తీసేసుకోవడం. ∧ తో చేసిన అలవాటు ∨ మీదికి పాకుతుంది. దీన్ని ఒక్క సత్య పట్టిక వరుస పడగొడుతుంది, కానీ పొడవైన నిరూపణ మధ్యలో కళ్లకు కనబడదు.

పరోక్ష నిరూపణ ఎప్పుడు

¬క ఊహతో తెరిచిన పెట్టెలో ⊥ వస్తే బయట క రాయడం పరోక్ష నిరూపణ. ఇది ¬ప్ర లాగే కనిపిస్తుంది, కానీ వేరే నియమం. ¬ప్ర లో క ఊహించి ¬క పొందుతాం. పరోక్షంలో ¬క ఊహించి, ఆ ¬ ను తీసేసి క పొందుతాం. గెంట్సెన్ రెండు పద్ధతులు వేరుచేశాడు: అంతర్దృష్టివాద తర్కంలో పరోక్షం ఉండదు, సాంప్రదాయిక తర్కంలో ఉంటుంది. కారణం రాసేటప్పుడు రెండింటి పేర్లూ కలిపేయకండి. మార్కులు పోతాయన్నది చిన్న సంగతి. మీ నిరూపణ ఏ తర్కంలో నిలబడుతుందో ఆ పేరే చెబుతుంది.

లక్ష్యాన్ని విప్పడం, ఆధారాలను విప్పడం రెండూ ఆగిపోయినప్పుడు మాత్రమే పరోక్షానికి వెళ్లండి. మొదటి అడుగే పరోక్షం అయితే నిరూపణ అనవసరంగా పెరుగుతుంది. క → గ ⊢ ¬గ → ¬క కి పరోక్షం అక్కర్లేదు: ¬గ ఊహించి, లోపల క ఊహించి, గ తెచ్చి, ⊥ రాస్తే చాలు. దాని తిరుగు దిశ ¬గ → ¬క ⊢ క → గ కి మాత్రం పరోక్షం తప్పదు. అలాగే ¬(క ∨ గ) నుంచి ¬క ∧ ¬గ నేరుగా వస్తుంది; ¬(క ∧ గ) నుంచి ¬క ∨ ¬గ కి పరోక్షం కావాలి.

పరోక్షానికి అసలైన పరీక్ష క ∨ ¬క. ఆధారం ఒక్కటీ లేదు, ఏ వైపు ఎంచుకోవాలో తెలియదు.

1. │ ¬(క ∨ ¬క) — ఊహ
2. │ │ క — ఊహ
3. │ │ క ∨ ¬క — ∨ప్ర 2
4. │ │ ⊥ — ¬తొ 3, 1
5. │ ¬క — ¬ప్ర 2–4
6. │ క ∨ ¬క — ∨ప్ర 5
7. │ ⊥ — ¬తొ 6, 1
8. క ∨ ¬క — పరోక్షం 1–7

దీన్ని కంఠస్థం చేయడం కన్నా, 2వ వరుస ఎందుకు వచ్చిందో అర్థం చేసుకోవడం ముఖ్యం. 1వ వరుస తర్వాత లక్ష్యం ⊥. ⊥ కావాలంటే ఏదో ఒక జంట ఢీకొట్టాలి. మన దగ్గర ఉన్న ఒకే ఒక్క వ్యతిరేకం 1వ వరుస, దాన్ని ఢీకొట్టేది క ∨ ¬క. అది కావాలంటే ఒక వైపు చాలు. ¬క వైపు వెళ్తే ¬ప్ర కోసం క ఊహ దొరుకుతుంది. క వైపు వెళ్తే అలాంటి ఊహ ఏదీ నేరుగా దొరకదు. అందుకే ¬క. పెద్ద నిరూపణల్లోనూ ⊥ లక్ష్యమైనప్పుడు ఇదే ప్రశ్న వేసుకోండి: ఇప్పటికే ఉన్న వ్యతిరేకాల్లో ఏదాన్ని ఢీకొట్టగలను?

పరిమాపకాలు: పేరు ఎక్కడి నుంచి వచ్చింది

∀య అంటే ‘ప్రతి య కూ’, ∃య అంటే ‘ఏదో ఒక య కు’. అనువాదంలో ఒక సూత్రం: ‘మ అయినవన్నీ న’ అంటే ∀య(మ(య) → న(య)), ‘మ అయినవాటిలో కొన్ని న’ అంటే ∃య(మ(య) ∧ న(య)). ∃ తో → వాడితే వాక్యం దాదాపు ఏమీ చెప్పదు. మ కానిది ఒక్కటున్నా అది నిజమైపోతుంది. ‘అన్ని సంఖ్యలూ సరిసంఖ్యలు కావు’ లాంటి వాక్యం తెలుగులో రెండు రకాలుగా వినిపిస్తుంది. ¬∀ అనా, ∀¬ అనా అన్నది గుర్తుల్లోకి మార్చే ముందే తేల్చుకోండి.

నాలుగు నియమాల్లో రెండు తేలిక. ∀తొ: ∀య మ(య) నుంచి మీకు నచ్చిన పేరుతో మ(అ). ∃ప్ర: మ(అ) నుంచి ∃య మ(య). మిగతా రెండిటికీ షరతులున్నాయి, తప్పులన్నీ అక్కడే.

∀ప్ర: మ(ఇ) నుంచి ∀య మ(య) రాయాలంటే ఇ గురించి మనం ఏమీ ఊహించి ఉండకూడదు. అంటే ఏ ఆధారంలోనూ, ఇంకా మూయని ఏ ఊహలోనూ ఇ కనబడకూడదు. ∃తొ: ∃య మ(య) ఉంటే కొత్త పేరు అ తో మ(అ) ఊహించి పెట్టె తెరుస్తాం, పెట్టె చివరి వాక్యంలో అ ఉండకూడదు, ఆ వాక్యమే బయటికి వస్తుంది. పెట్టె చివర న(అ) వచ్చిందని అదే బయట రాసేవాళ్లు చాలామంది. అ అన్నది మనం తాత్కాలికంగా పెట్టుకున్న పేరు. బయట దానికి అర్థం లేదు. పెట్టె లోపలే ∃ప్ర వాడి ∃య న(య) చేసుకుని, అప్పుడు మూయాలి.

1. ∃య∀ర స(య, ర) — ఆధారం
2. │ ∀ర స(అ, ర) — ఊహ, అ కొత్త పేరు
3. │ స(అ, ఇ) — ∀తొ 2
4. │ ∃య స(య, ఇ) — ∃ప్ర 3
5. │ ∀ర∃య స(య, ర) — ∀ప్ర 4
6. ∀ర∃య స(య, ర) — ∃తొ 1, 2–5

5వ వరుసలో ఇ షరతు చూడండి: మూయని ఊహ 2వ వరుస ఒక్కటే, అందులో అ ఉంది, ఇ లేదు. సరిపోయింది. 6వ వరుసలో అ షరతు: 5వ వరుసలో అ లేదు. సరిపోయింది.

ఇప్పుడు తిరుగు దిశ ప్రయత్నిస్తే ఎక్కడ విరుగుతుందో చూడాలి. ∀ర∃య స(య, ర) నుంచి ∃య స(య, ఇ) వస్తుంది. దానికి పెట్టె తెరిచి స(అ, ఇ) ఊహిస్తాం. ఇక్కడ ∀ర స(అ, ర) రాయాలనిపిస్తుంది, కానీ ఇ మూయని ఊహలోనే ఉంది. ∀ప్ర కి దారి మూసుకుపోయింది. షరతు ఊరికే పెట్టింది కాదు: సహజ సంఖ్యల్లో స(య, ర) అంటే ‘య, ర కన్నా పెద్దది’ అనుకోండి. ప్రతి సంఖ్యకూ దానికన్నా పెద్దది ఉంది. అన్నిటికన్నా పెద్దది లేదు. షరతు ఒక్కటి మరిచిపోతే ఈ అబద్ధం ‘నిరూపణ’ అయిపోతుంది.

క్రమం విషయంలో సలహా: పైన ∃, ∀ రెండూ ఉన్నప్పుడు ముందు ∃ పెట్టె తెరిచి, ఆ తర్వాతే ∀తొ వాడండి. ∀య(మ(య) → న(య)), ∃య మ(య) ⊢ ∃య న(య) లో ముందే మ(అ) → న(అ) తీసి పెట్టుకుంటే, తర్వాత ∃ కి అదే అ వాడాలనిపిస్తుంది. పేరు పెట్టె బయట కనబడకూడదనే పాఠాల్లో అది తప్పు కిందికి వస్తుంది. ∃ ముందు తెరిస్తే ఈ తలనొప్పే ఉండదు.

ఇంకో ఉచ్చు: ∀య(మ(య) → న(య)) నుంచి ∃య(మ(య) ∧ న(య)) రాదు. మ ఏదీ లేకపోతే మొదటిది నిజమే, రెండోది అబద్ధం. ‘కనీసం ఒక మ ఉంది’ అన్నది ఆధారంగా విడిగా రావాలి.

పరిమాపకాలు వచ్చాక ‘ముందు చెల్లుతుందో లేదో తేల్చుకో’ అన్న సలహా పూర్తిగా పనిచేయదు. చెల్లే ప్రతి వాదానికీ నిరూపణ ఉందని కుర్ట్ గోడెల్ 1929లో నిరూపించాడు. కానీ ఏ వాదమిచ్చినా చెల్లుతుందో లేదో తేల్చేసే యాంత్రిక పద్ధతి ఉండదని అలోన్జో చర్చ్, అలాన్ ట్యూరింగ్ 1936లో విడివిడిగా చూపించారు. అందుకని రెండు పనులూ పక్కపక్కనే చేయండి: కాసేపు నిరూపణ, అది ఆగితే రెండు మూడు వస్తువులున్న చిన్న ప్రపంచంలో ప్రత్యుదాహరణ. నిరూపణ ఏ వరుసలో ఆగిందో అదే ప్రత్యుదాహరణకు దారి చూపిస్తుంది. పై ఉదాహరణలో ఇ ఆగిన చోటే ‘ఒక్కో ర కు ఒక్కో య’ అన్న ఆలోచన దొరికింది.

రాసింది సరిచూడటం

రాయడం అయ్యాక మళ్లీ పై నుంచి కిందికి చదవండి, ఈసారి అర్థం పట్టించుకోకుండా ఆకారం మాత్రమే చూస్తూ. ప్రతి వరుస కారణంలో చెప్పిన సంఖ్యల దగ్గరికి వేలు పెట్టి వెళ్లండి. ఆ వరుస ఇంకా అందుబాటులో ఉందా, మూసిన పెట్టెలో ఉందా? మొత్తం వరుసకు నియమం వర్తించిందా, లోపలి ముక్కకా? →తొ అన్నచోట బాణం ఎడమ భాగం ఉందా, కుడి భాగమా? క → గ, గ ఉన్నాయని క రాయడం వేలు పెట్టి చూస్తే వెంటనే దొరుకుతుంది, కళ్లతో చదివితే దొరకదు. అర్థం చూస్తూ చదివితే మెదడు ఖాళీలను తనే పూడ్చేస్తుంది. అందుకే ఆకారం మాత్రమే.

డి మోర్గాన్ (¬(క ∨ గ) నుంచి ¬క ∧ ¬గ లాంటివి), క → గ, ¬గ ల నుంచి ¬క తెచ్చే మోడస్ టోలెన్స్ లాంటి సిద్ధ నియమాలు వాడుకోవచ్చా లేదా అన్నది పాఠాన్ని బట్టి ఉంటుంది. అనుమతి లేనిచోట వాటిని ఒకసారి విడిగా నిరూపించి ఉంచుకోండి. మోడస్ టోలెన్స్‌కు కావాల్సింది క ఊహ, →తొ, ¬తొ, ¬ప్ర, అంతే.

ఇతర పద్ధతులకు మారినప్పుడు

హిల్బర్ట్ తరహా పద్ధతిలో పెట్టెలు ఉండవు. మూడు స్వీకృతాలు (నిరూపణ లేకుండా ముందే ఒప్పుకున్న వాక్యాలు), మోడస్ పోనెన్స్ ఒక్కటే నియమం. స్వీకృతాలు ఇవి: క → (గ → క), (క → (గ → చ)) → ((క → గ) → (క → చ)), (¬క → ¬గ) → (గ → క). సహజ నిగమనంలో క → క అంటే ఒక ఊహ వేసి మూసేయడమే. ఇక్కడ ఐదు వరుసలు పడతాయి:

1. (క → ((క → క) → క)) → ((క → (క → క)) → (క → క)) — స్వీకృతం 2
2. క → ((క → క) → క) — స్వీకృతం 1
3. (క → (క → క)) → (క → క) — 1, 2
4. క → (క → క) — స్వీకృతం 1
5. క → క — 3, 4

స్వీకృతం 2 లో గ స్థానంలో క → క, చ స్థానంలో క పెట్టాం. ఈ పద్ధతి నిరూపణలు రాయడానికి కష్టం, నిరూపణల గురించి సిద్ధాంతాలు చేయడానికి సులువు: నియమం ఒక్కటే కాబట్టి ఆగమన నిరూపణలో చూడాల్సిన సందర్భాలు తక్కువ. వ్యాయామంలో ఈ పద్ధతి అడిగితే ముందు పెట్టెలతో నిరూపణ రాసుకుని, లోపలి పెట్టె నుంచి మొదలుపెట్టి ఒక్కో ఊహను స్వీకృతాలు 1, 2 తో తీసేయండి. వరుసలు పెరుగుతాయి, కానీ దారి తప్పరు.

కంప్యూటర్‌లో లీన్ లాంటి నిరూపణ సహాయకాలు వాడితే పని మళ్లీ కింది నుంచే జరుగుతుంది: తెర మీద ఎప్పుడూ మిగిలిన లక్ష్యమే కనిపిస్తుంది. ‘ఇంట్రో’ అంటే →ప్ర, ∀ప్ర, ¬ప్ర ల పెట్టె తెరవడం. ‘కన్‌స్ట్రక్టర్’ ∧ లక్ష్యాన్ని రెండుగా చీలుస్తుంది. ‘లెఫ్ట్’, ‘రైట్’ ∨ప్ర. ‘కేసెస్’ ∨, ∃ ఉన్న పరికల్పనను విడగొడుతుంది. ‘అప్లై’ బాణం ఉన్న వాక్యాన్ని తీసుకుని లక్ష్యాన్ని దాని ఎడమ భాగంగా మారుస్తుంది. ∃తొ కి కావాల్సిన కొత్త పేరును యంత్రమే కొత్తదిగా ఉంచుతుంది, ఆ షరతు తప్పే అవకాశం లేదు. ‘లెఫ్ట్’ కొట్టాక లక్ష్యం నిరూపించలేనిదిగా మారితే, ఇంకా విడగొట్టని ∨ పైన మిగిలిందేమో చూడండి. ఖాళీల్లో ‘సారీ’ పెట్టి ముందుకు వెళ్లవచ్చు, హెచ్చరిక మాత్రం వస్తూనే ఉంటుంది. నిరూపణ పూర్తయ్యాక ‘#ప్రింట్ యాక్సియమ్స్’ ఆదేశం దాని పేరుతో ఇవ్వండి. జాబితాలో ‘క్లాసికల్.చాయిస్’ కనబడితే పరోక్ష నిరూపణ ఎక్కడో చేరిందనుకోవచ్చు. ¬గ → ¬క వైపు నిరూపణలో అది కనబడితే, పరోక్షం లేకుండా అయిపోయే పనిని చుట్టుదారిలో చేశారన్నమాట.